ఆరు కిలోమీటర్ల పైపు, ఒక నీళ్ళ తొట్టి

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ స్టేషన్ అంటే పోలీస్ స్టేషనూ కాదు, రైల్వే స్టేషనూ కాదు. "మావాడికి ఆస్ట్రేలియాలో స్టేషన్లో ఉద్యోగం వచ్చింది" అని మా అమ్మ ఊరంతా చెప్పుకుంటే మా పెదనాన్న ఫోన్ చేసి ఎస్సైయా కానిస్టేబులా అని అడిగాడు, పాపం సీరియస్‌గానే. స్టేషన్ అంటే గొడ్లు మేపుకోడానికి ప్రభుత్వం దగ్గర లీజుకి తీసుకున్న భూమి, అంతే, కాకపోతే సైజే మన బుర్రకి ఎక్కదు. నేనుండేది నార్తర్న్ టెరిటరీలో, క్యాథరిన్ టౌన్ నుంచి నైరుతిగా 400 కిలోమీటర్లు, అందులో ఆఖరి 150 మట్టిరోడ్డు. భూమి 5 వేల చదరపు కిలోమీటర్లు, అంటే 12 లక్షల ఎకరాల పైమాటే, గోవా రాష్ట్రం కన్నా పెద్దది. గొడ్లు 20 వేల దాకా. మనుషులం 22 మంది, వంటామెనీ మేనేజర్ ఇద్దరు పిల్లల్నీ కలుపుకుని.

నా పోస్టు పేరు బోర్ రన్నర్. డార్విన్‌లో చదువు అయ్యాక వీసా కోసం ఏదో ఒక పని అని వచ్చా, ఇది రెండో ఏడు. పొద్దున్నే ల్యాండ్‌క్రూజర్ వేసుకుని బయల్దేరి 180, 200 కిలోమీటర్లు తిరిగి ప్రతి బోరూ ప్రతి తొట్టీ చూసుకుంటూ రావడం, పగిలింది అతకడం, మూసుకుపోయింది తెరవడం. ఈ ఏడు మాత్రం మేనేజర్ ఒక ప్రాజెక్టు మొత్తం నా చేతిలో పెట్టాడు. అది ఎట్లా నడిచిందో రాసుకున్న డైరీ ఇది, రోజూ రాయలా, గుర్తొచ్చినప్పుడు రాసా.

మే 4

సమస్య ఇది. ఎనిమిదో నంబరు బోరు ఉన్న పాడక్ (కంచె వేసిన ఒక్కో ముక్కని పాడక్ అంటారు, మన పొలం అనుకోండి, కాకపోతే ఈ ముక్కే 180 చదరపు కిలోమీటర్లు) లో నీళ్ళు తూర్పు చివర ఒక్కచోటే ఉన్నాయి. ఆవు నీళ్ళు తాగి మేతకి పోయి మళ్ళీ నీళ్ళకే రావాలి కదా, మామూలుగా 3 నుంచి 5 కిలోమీటర్లు దాటి పోదు, అందులోనూ దూడ తల్లి అసలు పోదు. నీటి చుట్టూ 5 కిలోమీటర్ల గుండ్రం గీస్తే 78 చదరపు కిలోమీటర్లు వస్తుంది, మిగతా 100 పైన ఊరికే పడి ఉంది. పడమటి పక్క మిచెల్ గడ్డి మోకాళ్ళ దాకా నిలబడి ఎండిపోతుంటే ఇక్కడ బోరు చుట్టూ కిలోమీటరు మేర గడ్డి పోచ లేదు, గొడ్లు తొక్కి తొక్కి బూడిద లాంటి దుమ్ము. ఉన్నవి 800 ఆవులు.

ప్లాన్: పాత డీజిల్ పంపు తీసేసి సోలార్ పెట్టాలి. బోరు దగ్గర చిన్న మిట్ట మీద 1 లక్షా 10 వేల లీటర్ల రేకు టాంకు. దాన్నుంచి పడమరకి 6 కిలోమీటర్లు 63 ఎంఎం నల్ల పైపు, మనం డ్రిప్పుకి మెయిన్ లైను వేస్తామే అట్లాంటిదే, భూమిలో పాతిపెట్టాలి. ఆ చివర 25 వేల లీటర్ల ప్లాస్టిక్ టాంకు, దాని కింద కాంక్రీటు తొట్టి. మిట్టకీ ఆ చివరకీ మధ్య 18 మీటర్ల పల్లం ఉంది, మోటారు అక్కర్లేదు, నీళ్ళు వాటంతటవే పోతాయి. లెక్క వేస్తే సెకనుకి 0.8 లీటరు వచ్చింది, రోజంతా పారితే 69 వేల లీటర్లు. ఆవుకి రోజుకి 50 లీటర్లు వేసుకుంటే అక్కడ పెట్టబోయే 400 ఆవులకి 20 వేలు చాలు. పైపు విషయంలో డబుల్ సేఫ్.

భయమల్లా బోరు మీదే. సోలార్ పంపు సెకనుకి ఒకటిన్నర లీటరు తోడుతుంది, ఏడున్నర గంటల ఎండకి 40,500 లీటర్లు. రెండు తొట్లకీ కలిపి 800 ఆవులకి కావలసింది 40 వేలు. అంటే గీత మీద నడవడమే. అక్టోబరులో 40 డిగ్రీల ఎండలో పాలిచ్చే ఆవు 50తో ఆగదు. అందుకే పాత డీజిల్ ఇంజను అమ్మొద్దు, పక్కన షెడ్డులో ఉంచుదాం అన్నా. మేనేజర్ సరే అన్నాడు. ఇతన్ని ఇంతవరకు సార్ అనకుండా పేరు పెట్టి పిలవడం నాకు రెండో ఏడు వచ్చినా నోటికి రావట్లేదు, అందుకే ఏమీ పిలవకుండా ఎదురుగా వెళ్ళి నిలబడతా.

మే 11

పాత పంపు పైకి లాగాం. 72 మీటర్ల బోరు, నీళ్ళు 38 దగ్గర ఉన్నాయి. ట్రక్కు క్రేనుతో ఒక్కో పైపూ లాగి, క్లాంపు బిగించి, విప్పి పక్కన పెట్టడం, మళ్ళీ లాగడం. మన ఊళ్ళో బోరు మోటారు తీసేటప్పుడు చుట్టూ పాతికమంది నిలబడి "ఆపు ఆపు, కొంచెం వదులు" అని అరుస్తుంటారు కదా, ఇక్కడ నేనూ ఇంకో కుర్రాడూ తప్ప వినేవాడు లేడు, అరిచేవాడూ లేడు. చివరి పైపుల మీద సున్నం వేలెడు మందాన పేరుకుంది. నీళ్ళలో సున్నం ఎక్కువ, టీ కాచినా పైన తెట్టు కడుతుంది.

కొత్త పంపు 55 మీటర్ల దగ్గర దించాం. 330 వాట్ల ప్యానెళ్ళు 8. మధ్యాహ్నం వైర్లు కలపగానే నీళ్ళు ఎర్రగా వచ్చి, పది నిమిషాలకి తేరుకున్నాయి. శబ్దం లేదు. డీజిల్ ఇంజను దడదడకి అలవాటు పడ్డ చెవికి అసలు పని చేస్తుందా లేదా అని అనుమానం, పైపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నా.

మే 19 నుంచి జూన్ 1

ప్రాజెక్టు బంద్. మస్టరింగ్ మొదలైంది, అంటే ఏడాదికి రెండుసార్లు పాడక్‌లన్నీ గాలించి గొడ్లన్నిటినీ దొడ్లోకి తోలడం. వానలు ఆగి రోడ్లు ఆరాక ఏప్రిల్, మేల్లో ఒక రౌండు, ఆగస్టు, సెప్టెంబరుల్లో రెండోది. వానాకాలంలో, అంటే ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఈ నల్లమట్టిలో బండి దింపితే మళ్ళీ ఎండలు వచ్చేదాకా అక్కడే.

రెండు రాబిన్‌సన్ ఆర్22 హెలికాప్టర్లు, ఇద్దరు మనుషులు పట్టే బుల్లివి, చెట్ల చిటారున ఎగురుతూ పొదల్లోంచి గొడ్లని లేపుతాయి, కింద బైకులూ గుర్రాలూ ఆ మందని కూడగట్టి నడిపిస్తాయి. సినిమాలా ఉంటుంది అనుకుంటారు, నిజానికి మూడొంతులు దుమ్మూ ఎదురుచూపులూ. నాకు గుర్రం రాదు కాబట్టి దొడ్లో డ్యూటీ. రేస్ అంటారు, ఒక్కో గొడ్డే పట్టే ఇనుప సందు, అందులోంచి వచ్చేదాన్ని వచ్చినట్టు చూసి గేట్లు తిప్పి వేరు చెయ్యడం: దూడలు ఒక పక్క, అమ్మకానికి పోయే కోడెలు ఒక పక్క, చూడి ఆవులు ఒక పక్క. దూడలకి ముద్ర వెయ్యాలి, ఈ టెరిటరీలో ముద్ర అంటే మామూలుగా మూడక్షరాలు, అందులో ఒకటి టీ. చెవికి చిప్పు ఉన్న ట్యాగు. బాట్యులిజం టీకా. ఈ టీకా ఎందుకో తెలిసినప్పుడు నాకు వింతగా అనిపించింది, ఇక్కడి నేలలో భాస్వరం తక్కువ, అది చాలక ఆవులు చచ్చిన గొడ్ల ఎముకలు నములుతాయి, ఆ ఎముకల్లోంచి విషం ఎక్కి చస్తాయి. అందుకే భాస్వరం కలిపిన ఉప్పు తొట్లలో పోసి నాకిస్తారు. మన దగ్గర గొడ్డు గోడ నాకుతుంటే లవణాల ముద్ద కడతాం కదా, అదే కథ.

కోడెల్ని రోడ్ ట్రెయిన్ ఎక్కించాం, ఒక ఇంజను వెనక మూడు ట్రెయిలర్లు, 53 మీటర్ల పొడవు. డార్విన్ రేవు, అక్కడ్నుంచి ఓడలో ఇండోనేషియా.

ఒక మధ్యాహ్నం నాన్నకి వీడియో కాల్ చేసి దొడ్డి చూపించా. ఆయన మూడు నిమిషాలు మాట్లాడలా.

"ఏందిరా, అవి మనయి కాదూ?"

మనవే అనొచ్చు. తెల్లటి బూడిద రంగు ఒళ్ళు, మోపురం, వేలాడే గంగడోలు. వీటిని బ్రాహ్మన్ అంటారు. గిర్, గుజరాత్ కాంక్రేజ్ వైపువి, కృష్ణాలోయ, ఇంకా మన ఒంగోలు, ఇవన్నీ కలిపి అమెరికాలో తయారు చేసిన జాతి, 1933లో అక్కడ్నుంచి ఆస్ట్రేలియాకి తెచ్చారు. వాళ్ళు మనవాటిని నెల్లూరు అంటారు, ఎందుకంటే 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఎండకి తట్టుకుంటాయి, పిడుదులు అంతగా పట్టవు, ఎండుగడ్డి తిని కూడా బతుకుతాయి, ఇంగ్లండ్ నుంచి తెచ్చిన జాతులు ఈ ఉత్తరాదిలో అట్లా నిలబడలేకపోయాయి.

"నడిపోడి మోపురం కొంచెం వెనక్కి వాలింది, మంచి కోడె కాదు" అన్నాడు నాన్న. ఒక్క ఫోను తెరమీద, 6 వేల కిలోమీటర్ల పైన అవతల్నుంచి.

జూన్ 3

పైపు పాతడం మొదలు. డోజరు వెనక రిప్పరు, దాని వెనకే పైపు దించే గొట్టం, భూమిని అరమీటరు పైన చీల్చుకుంటూ పోతుంటే పైపు దాని కిందకి జారుతూ పోతుంది. 200 మీటర్ల చుట్టలు 30. అంటే 29 జాయింట్లు. లోతు ఎందుకంటే ఒకటి నీళ్ళు కాగిపోకుండా, రెండు కార్చిచ్చు వస్తే పైపు కరిగిపోకుండా.

ఇక్కడి నేల చూస్తే మీరు నమ్మరు, అచ్చం మన నల్లరేగడి. శనగ పొలంలో ఎండాకాలం నెర్రెలు పడి కాలు దూరేంత సందులు ఉంటాయే, అంతే. రెండు కిలోమీటర్ల వరకు రిప్పరు వెన్నలో కత్తిలా పోయింది, తర్వాత రాయి తగిలింది, పళ్ళు రెండు విరిగాయి, ఆ తర్వాత ఇంకో 400 మీటర్లతో ఆ రోజుకి సరి.

దారిలో చెట్లు చూసుకుంటూ వచ్చా. జిల్లేడు, చక్కగా తెల్లపాలు కారుతూ. ఇక్కడ దీన్ని రబ్బర్ బుష్ అంటారు, కలుపు. వాగు పక్కన తుమ్మ, అదీ కలుపు, ఒకప్పుడు నీడ కోసం తెచ్చి నాటితే క్వీన్స్‌లాండ్ అంతా ముళ్ళ అడవి చేసిందట, కనబడితే చెప్పాలని రూలు. క్యాథరిన్‌లో నది ఒడ్డున వేపచెట్లు, వాటినీ కలుపు మొక్కల లిస్టులో పెట్టారు. వేపచెట్టుకి మందు కొట్టి చంపడం చూసిన రోజు అన్నం తినబుద్ధి కాలా, సైన్సు ప్రకారం వాళ్ళదే కరెక్టు అనుకోండి, నది ఒడ్డున వేరే ఏదీ లేవనివ్వదు అది.

జూన్ 5

నిన్న సాయంత్రం నాలుగింటికి ఎండలో మూడు చుట్టలు కలిపి, జాయింట్లు బిగించి, పొద్దున వచ్చి చూద్దును కదా, రెండు జాయింట్లు ఊడి పైపు చివర్లు జానెడు దూరంలో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎవడైనా లాగాడా అనుకున్నా, ఎవడున్నాడు లాగడానికి?

తర్వాత కూర్చుని లెక్క వేసా. ఈ పైపు డిగ్రీకి మీటరుకి 0.2 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. 200 మీటర్లు, పగటికీ రాత్రికీ పాతిక డిగ్రీల తేడా: మీటరు! ఎండలో నల్ల పైపు అయితే తేడా ఇంకా ఎక్కువే. జూన్ రాత్రులు ఇక్కడ 13 డిగ్రీలకి పడిపోతాయి, నేను దుప్పటి కింద వణికితే అది భూమి మీద మీటరు ముడుచుకుంది. నిటారుగా పరిచి, వేడి మీద బిగించడం నాదే తప్పు. అప్పట్నుంచి చుట్టని పాములా వంకరగా దించడం, చివర్లు మట్టితో కప్పి ఒక రాత్రి చల్లారనిచ్చి, తెల్లారుఝామున ఆరింటికి జాయింటు వెయ్యడం. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి కానీ ఆ తర్వాత ఒక్కటీ ఊడలేదు.

జూన్ 14

ఇది రాయకూడదనుకున్నా, రాస్తా. గేటు తెరిచి వదిలేసా.

స్టేషన్లో ఒకటే ధర్మం: గేటు నీకెట్లా కనబడిందో అట్లాగే వదులు. తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. నేను డోజరుకి డీజిలు తీసుకుపోతూ, ఐదు నిమిషాల్లో వెనక్కి వస్తా కదా అని మూయలా, వేరే దారిన వచ్చేసా. మర్నాడు చూస్తే ఇటు చూడి ఆవులు, అటు వారం కింద విడగొట్టిన కుర్ర పడ్డలు, 300 దాకా అన్నీ కలగాపులగం. ఆరుగురు, ఒక హెలికాప్టరు, రెండు రోజుల పని మళ్ళీ.

హెడ్ స్టాక్‌మన్ (గొడ్లని చూసుకునే పనివాళ్ళని స్టాక్‌మన్లు అంటారు, వాళ్ళకి పెద్ద) నన్ను ఒక్క మాట తిట్టలా. రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ "కార్టన్" అన్నాడు, అంతే, అందరూ బల్ల కొట్టారు. తప్పు చేసినవాడు క్యాంపుకి ఒక పెట్టె బీరు కొనాలి, అది ఇక్కడి పెద్దమనుషుల జరిమానా. నేను తాగను, అయినా కొన్నా, అందులో నాకో అల్లం సోడా పెట్టించారు. తిట్టినా బాగుండు అనిపించింది.

జూన్ 22

తిండి సంగతి అందరూ అడుగుతారు కాబట్టి ఒకసారి చెప్పేస్తా. రెండు మూడు వారాలకోసారి ఒక గొడ్డుని స్టేషన్ వంటకి కోస్తారు, దాన్నే కిల్లర్ అంటారు. మూడు పూటలా అదే. నాకు అది పడదు, మొదటి రోజే వంటామెకి చెప్పా, ఆమె ఓ నిమిషం నన్నే చూసి "మరి పశువుల స్టేషన్‌కి ఎందుకొచ్చావ్ నాయనా" అన్నట్టు నవ్వి, అప్పట్నుంచి గుడ్లు, పప్పు, డబ్బా చేపలు, ఎవరైనా నదిలో పడితే బారముండీ చేప. బియ్యం, కందిపప్పు, కారం పదిహేను రోజులకోసారి క్యాథరిన్ నుంచి ట్రక్కులో వస్తాయి. వానల్లో రోడ్డు మూసేస్తే విమానంలో.

ఇవాళ పొద్దున వంటింటి వెనక పైపు కారి తడిగా ఉండేచోట ఎర్రటి కాడల మొక్కలు చూసా. ఆమె వాటి కాయల ఎర్ర రేకులతో జామ్ చేస్తుంది, రోసెల్లా అంటుంది. ఆకు తుంచి నోట్లో వేసుకున్నా. పులుపు.

గోంగూర!

అదే మొక్క, ఈ ఉత్తరాదిలో ఊరికే మొలిచేస్తుంది, ఆకు తింటారని మా స్టేషన్లో ఎవరికీ తెలియదు. ఏడాదిన్నరగా వారానికోసారి దాని పక్కనుంచే చెత్త పారేసి వస్తున్నా నేను. ముదురాకు పక్కన పెట్టి లేత చిగుళ్ళన్నీ దూసి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి, రోలు లేదు కాబట్టి స్టీలు గ్లాసు అడుగుతో నూరి పచ్చడి చేసా. వంటామె ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుని "మళ్ళీ పెట్టు" అంది. ఇప్పుడు ఆ మొక్కలకి రోజూ నీళ్ళు నేనే పోస్తున్నా, డ్యూటీలో భాగం కింద.

జులై 2

పైపు అయిపోయింది, టాంకు నిలబెట్టాం, తొట్టి దించాం. వాల్వు తిప్పా. ఆరు కిలోమీటర్ల పైపు నిండడానికే 13 వేల లీటర్లు పడుతుంది, కాబట్టి వదిలేసి రాత్రికి స్వాగ్ పరుచుకుని అక్కడే పడుకున్నా. స్వాగ్ అంటే కాన్వాసు సంచి లాంటి పరుపు, అందులో దూరి జిప్పు లాక్కుంటే పాములూ పురుగులూ రావని నమ్మకం. నక్షత్రాలు మాత్రం, చెప్పలేను, ఊళ్ళో కరెంటు పోయిన రాత్రి డాబా మీద చూసినట్టు కానీ దానికి పదింతలు.

పొద్దున చూస్తే నీళ్ళు వస్తున్నాయి, కానీ సన్నగా. 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోనులో టైము చూసా. లెక్క ప్రకారం 25 సెకన్లలో నిండాలి. 70 పట్టింది. మళ్ళీ పెట్టా, 71.

జులై 9

వారం తల పట్టుకున్నా. లీకు లేదు, లైను వెంట రెండుసార్లు నడిచా, తడి ఎక్కడా లేదు. వాల్వు విప్పి చూసా, ఒక ఆకుపచ్చ చెట్టుకప్ప బయటికి దూకింది తప్ప అడ్డం లేదు. అంటే గాలి పట్టింది. పైపు ఎక్కడో ఎత్తు ఎక్కి దిగితే ఆ వీపు దగ్గర గాలి నిలిచిపోయి నీటికి దారి ఇవ్వదు. ఎక్కడ? నేను లెవెల్స్ తీసుకున్నది 200 మీటర్లకోసారి, ఆ పాయింట్లన్నీ చక్కగా పల్లంగా దిగుతున్నాయి. కంటికి అంతా బల్లపరుపు.

ఆరోజు కంచె పని మీద ఒక పెద్దాయన వచ్చాడు, గురిన్జీ మనిషి, అంటే ఈ నేల ఆదివాసి, అరవై దాటాయి, గుర్రం మీద పుట్టాడంటారు. నా గోల అంతా విని, బండి ఎక్కమని సైగ చేసి, లైను పక్కనే నెమ్మదిగా పోనిచ్చి, మూడున్నర కిలోమీటర్ల లోపు ఒకచోట ఆపాడు. నాకు ఏ తేడా కనబడలా. "వానల్లో నీళ్ళు ఇక్కడ విడిపోతాయి, కొన్ని అటు, కొన్ని ఇటు" అన్నాడు. అంతే, దిగి కంచె పనికి పోయాడు.

లెవెల్ పెట్టి చూస్తే రెండు పాయింట్ల మధ్య మీటరున్నర మిట్ట. తవ్వి, పైపుకి బొక్క వేసి సాడిల్ (పైపు చుట్టూ పట్టే బిగింపు) బిగించి, గాలి బయటికి పోయే ఎయిర్ వాల్వు పెట్టా. బొక్క పడ్డ క్షణంలో స్స్‌స్ అని మొదలై, రెండు నిమిషాలు బుసకొట్టి, తర్వాత దగ్గినట్టు తుపుక్ తుపుక్ అని నీళ్ళు. మొహం మీదే కొట్టింది. బకెట్ దగ్గరికి మళ్ళీ మూడు కిలోమీటర్లు పోయి టైము చూసా: 26 సెకన్లు.

జులై 20

టాంకులో లెవెల్ సెన్సరు, దాని నుంచి శాటిలైట్‌కి యాంటెన్నా. ఇక ఆఫీసులో కూర్చుని ఫోనులో నీళ్ళు ఎంత ఉన్నాయో చూడొచ్చు, వారానికి రెండు ట్రిప్పులు మిగులుతాయి. మూడు రోజులు పనిచేసింది. నాలుగో రోజు గీత ఆగిపోయింది. వెళ్ళి చూస్తే తెల్ల కొరెల్లా పిట్టలు, రామచిలక జాతే, ఒక యాభై, యాంటెన్నా మీద వరసగా కూర్చుని కేబులు కొరికి ముక్కలు చేసాయి. నన్ను చూసి కూడా లేవలా. కేబులు మొత్తం ఇనుప గొట్టంలో వేసా.

ఆగస్టు 24

సామాను కోసం కల్కరిన్జీ అనే గురిన్జీల ఊరి మీదుగా పోవాల్సి వచ్చింది, ఫ్రీడమ్ డే నడుస్తోంది. ఆ పెద్దాయన కూడా నాతో బండిలో వచ్చాడు, చుట్టాలు ఉన్నారట. దారిలో చెప్పాడు, ఎక్కువ కాదు, ఒక్కో మాట మధ్య ఐదేసి కిలోమీటర్లు. 1966 ఆగస్టు 23న వేవ్ హిల్ స్టేషన్ నుంచి గురిన్జీల పెద్ద విన్సెంట్ లింగియారి వెనక 200 మంది దాకా, స్టాక్‌మన్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, పిల్లలు, పని వదిలేసి నడిచి వచ్చేసారు. స్టేషన్ లండన్ వెస్టీ కుటుంబానిది. భూమి వీళ్ళదే, గొడ్లని మేపేదీ వీళ్ళే, చేతికి వచ్చేది రేషనూ నామమాత్రపు డబ్బూ. మన భాషలో దానికి ఒకటే మాట ఉంది, వెట్టి. మొదట కూలి అడిగారు, తర్వాత భూమే అడిగారు, తొమ్మిదేళ్ళు కదల్లేదు. 1975 ఆగస్టు 16న అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని గాఫ్ విట్లమ్ స్వయంగా వచ్చి లింగియారి చేతిలో గుప్పెడు మట్టి పోసాడు.

"మా నాన్న కూడా నడిచాడు" అన్నాడు పెద్దాయన. "నీళ్ళు ఎక్కడుంటాయో వాళ్ళకి తెలుసు కాబట్టి నడవగలిగారు." నేను అప్పుడు ఎయిర్ వాల్వు గురించి థాంక్స్ చెప్పబోయి ఊరుకున్నా. స్టేషన్ మ్యాపులో ఆ మిట్టకి పేరు లేదు, ఆయన భాషలో ఉంది, రెండుసార్లు చెప్పించుకున్నా, సరిగ్గా పలకడం రాక ఇక్కడ రాయట్లేదు.

ఆగస్టు 30

420 ఆవుల్ని పడమటి పక్కకి మార్చాం. నేను గేటు తెరిచి అటు తోలేస్తే సరిపోతుంది అనుకున్నా, మోకాలెత్తు గడ్డి ఉంది, తొట్టి నిండా నీళ్ళున్నాయి, ఇంకేం కావాలి? ముందు రోజు రాత్రి నాన్నతో అంటే "గొడ్డుకి నీళ్ళు నువ్వు చూపించాలిరా, సంతలో కొనుక్కొచ్చిన ఎద్దుని ముందు చెరువుకి తీసుకుపోమూ?" అన్నాడు. పొద్దున హెడ్ స్టాక్‌మన్ ఆర్డరూ అదే. మందని పొద్దెక్కకముందే నిదానంగా తొట్టి దాకా నడిపించి, తాగేదాకా చుట్టూ నిలబడి, మధ్యాహ్నం దాకా అక్కడే ఆపాం. ముందు ఒక ముసలావు వచ్చి వాసన చూసి, మూతి పెట్టి, తల ఎత్తి నీళ్ళు కారుతూ అటూ ఇటూ చూసి, మళ్ళీ పెట్టింది. తర్వాత ఒకదాన్నొకటి తోసుకున్నాయి. తొట్టి గంటలో అడుగంటింది, పైన టాంకు పెట్టబట్టి సరిపోయింది, ఆరు కిలోమీటర్ల పైపు ఒక్కటే అయితే ఆ జోరుకి అందుకునేది కాదు.

అయినా 30 దాకా రాత్రికి రాత్రి పాత బోరు వైపు కంచె దగ్గరికి పోయి నిలబడ్డాయి, అరుస్తూ. రెండు రోజులు బైకు మీద తిరిగి తోలుకొచ్చా.

సెప్టెంబరు 12

టాంకు సెన్సరు ఫోనుకి పంపే గ్రాఫ్ ఇప్పుడు నాకు గొడ్ల టైమ్ టేబుల్ లాగా ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా గీత నిటారుగా పడుతుంది, మధ్యాహ్నం అంతా నీడలో, సాయంత్రం నాలుగున్నరకి ఇంకో చిన్న మెట్టు, రాత్రంతా నెమ్మదిగా ఎక్కుతూ తెల్లారేసరికి ఫుల్లు. నిన్నటి వాడకం 22,400 లీటర్లు, ఆవుకి 53. ఎండ ఇంకా ముదరలా. బోరు దగ్గర పెద్ద టాంకు మాత్రం రోజుకి చేతివెడల్పు తగ్గుతోంది, నేను భయపడ్డట్టే. రేపు డీజిల్ ఇంజనుకి ఆయిలు మార్చి, జనరేటరు తిప్పే బెల్టు చూసి సిద్ధంగా పెట్టాలి, వారానికి రెండు రాత్రులు నడిపితే నవంబరు దాకా లాగుతుందని నా లెక్క.

నాన్నకి గ్రాఫ్ స్క్రీన్‌షాట్ పంపించా. "ఆ గీతలు నాకెందుకు, ఆ ముసలావు ఫోటో పెట్టు" అని వాయిస్ మెసేజ్. అది ఎట్లాగూ తొట్టి దగ్గరే ఉంటుంది, రేపు పొద్దున ఇంజను పని అయ్యాక అటు పోయి తీసి పెట్టాలి. గేటు మూసుకుని.